బుర్రకథ పితామహుడు షేక్ నాజర్: ఆడుతూ నేర్పిన గురువు

మన్యం వీరుడు అల్లూరి కథను మైదాన ప్రాంతాల పల్లెలకు మోసుకెళ్ళిన గొంతుల్లో ముందు వరుసలో చెప్పుకోవలసింది షేక్ నాజర్ గొంతు. 1922-24 నాటి రంప పితూరీలో గిరిజనులు చేసిన పోరాటాన్ని చదువురాని రైతుకూలీల చెవిన వేసింది బుర్రకథే. అందుకే మన సంచికలో ఆయనకు చోటుండాలి.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. చిన్ననాడే నాటకాల్లో వేషాలు కట్టారు. హార్మోనిస్టు ఖాదర్ ఆయనను నరసరావుపేట తీసుకెళ్ళి మురుగుళ్ళ సీతారామయ్య గారి వద్ద సంగీతంలో చేర్పించారు. ఇల్లు గడవక దర్జీ పని చేశారు. ఊళ్ళలో పిల్లలకు పాట, నాటకం నేర్పారు. వేషం వేయడం, వేషం నేర్పడం ఆయన బతుకులో జంటగానే నడిచాయి.

1940లలో ప్రజానాట్యమండలి ఆయనను బుర్రకథ వైపు మళ్ళించింది. అప్పటికి అది జంగాలు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునే కథ. నడుమ తంబురా, అందెలతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం పండిస్తే, రెండో వంత లోకం పోకడ, రాజకీయం ఎత్తి చూపుతాడు. నాజర్ ఈ చట్రం చెడకుండా అందులోకి శాస్త్రీయ సంగీతాన్ని, నాటకంలోని నవరసాలను తెచ్చారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధంతో పాటు బెంగాల్ కరువునూ కథగా కట్టి చెప్పారు.

ఈ కళకు పెద్ద రంగస్థలం అక్కర్లేదు. ముగ్గురు మనుషులు, ఊరి నడిబొడ్డున కాస్త చోటు చాలు. కనుకనే చూసినవారు నేర్చుకున్నారు, నేర్చినవారు దళాలు కట్టారు. మోటూరు ఉదయం వంటి స్త్రీలు కూడా ఆ ఉద్యమంలోనే తంబురా పట్టారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రభుత్వం ఈ ప్రదర్శనలపై నిషేధం పెట్టింది. నిజాం రాజ్యానికి ఎల్లగా ఉన్న మన జగ్గయ్యపేట ప్రాంత పెద్దలకు ఆ రోజుల వేడి ఎటువంటిదో తెలుసు.

1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో అల్లూరి బుర్రకథతో నాజర్ తెరకెక్కారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు పింజారి. కించపరచడానికి వాడే కులం పేరునే తలెత్తుకుని పుస్తకానికి పెట్టుకున్నారు. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

గరికపాడు చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో పాట తెలిసిన పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. పండుగనాడు ఆడి ఊరుకుంటే ఆట ఆ రాత్రితోనే ముగుస్తుంది. ఆడినవారు పక్కన ఇద్దరు పిల్లలను వంతలుగా నిలబెట్టుకుంటే మరో తరానికి అందుతుంది. నాజర్ జీవితం మన సంఘానికి అప్పగించిన పని ఇదే.