మజిలీ మజిలీకి ఒక పుట

బెంగుళూరులో పెరిగే తెలుగు బిడ్డకు పలు భాషల మధ్య మసలుకోవడం ఉగ్గుపాలతోనే అలవడుతుంది. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, ఉద్యోగంలో ఆంగ్లం. ఇటువంటి బహుభాషా జీవితాన్నే పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో మద్రాసు నగరంలో గడిపి, తన సొంత రాతకు మాత్రం తెలుగునే ఎంచుకొన్న మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య. మన పాఠశాల వజ్రోత్సవాలు జరుపుకొంటున్న ఈ శుభతరుణంలో ఆయన జీవితాన్ని స్మరించుకోవడం సముచితం.

వీరాస్వామయ్య సుమారు 1780లో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. స్వయంకృషితో ఆంగ్లం నేర్చి, చిన్నవయసులోనే కొలువులో ప్రవేశించి, క్రమంగా మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ పదవిని అందుకొన్నారు. దుబాసీ పని ఎటువంటిదో ఊహించండి. వాది చెప్పినది న్యాయమూర్తికి, న్యాయమూర్తి అడిగినది సాక్షికి తెలియజెప్పాలి. దినమంతా నోట మాట ఆడుతూనే ఉండాలి. అందులో ఒక్కటైనా తన మాట కారాదు. అన్యుల పలుకులను ఒక భాషనుండి మరొక భాషలోకి చేరవేస్తూ బ్రతికిన ఆ పండితుడు తన మాటను తాను చెప్పుకొన్న తావు కాశీయాత్రలో రాసుకొన్న దినచర్య.

1830 మే 18న ఆయన మద్రాసునుండి కాశీకి బయలుదేరారు. వెంట ఇంచుమించు నూరుగురు పరివారం. పల్లకీలు, బోయీలు, డేరాలు. మన దేశంలో రైలుబండి నడవడానికి ఇంకా ఇరవైమూడేళ్లున్న కాలమది. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగలమీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం, విశాఖపట్టణం, నెల్లూరుల మార్గాన తిరిగివచ్చి, 1831 సెప్టెంబరు 3న మద్రాసులో అడుగుపెట్టారు. పదిహేను నెలలకు పైబడిన ఈ యాత్ర పొడుగునా ఆయన రాత సాగుతూనే ఉంది.

ఏమి రాశారు? ఏ మజిలీకి ఎప్పుడు చేరినదీ, దారి రాతినేలయో ఇసుక పర్రయో, నీటి వసతి ఎట్లున్నదీ, అంగళ్లెన్ని, ఏ వస్తువు దొరుకుతుంది, ఏది దొరకదు. వీటి నడుమ ఆయా సీమల ఆచారాలు, పరిపాలన తీరు, నాణేల మారకం, దేవాలయాల వ్యవస్థ. ఒక్కొక్కచోట మతధర్మాలను, సృష్టిక్రమాన్ని గురించిన దీర్ఘ విచారణ. కంటబడినదాన్ని కాగితంమీద నిలిపి, దానివెంట తన ఆలోచనను సాగనిచ్చిన ఆనందం ఆ పుటల్లో కనిపిస్తుంది.

అయితే ఈ ఆనందం సులభలభ్యం కాదు. ప్రయాణపు బడలిక ఒక వంక, పరివారపు బాగోగులు మరొక వంక. వీటికి మించిన చిక్కు రాతలోనే ఉంది. నాటికి తెలుగున కావ్యాలకు కొదవ లేదు. చూచినది చూచినట్లు వచనంలో చెప్పడానికి మాత్రం అనుసరింపదగిన మేలుబంతి అరుదు. చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది 1853లో. గిడుగువారి వ్యావహారిక భాషోద్యమం ఇరవయ్యో శతాబ్దిది. అందుచేత వీరాస్వామయ్య తాను మాట్లాడే తెలుగునే ఆశ్రయించారు. అరవం, హిందూస్తానీ, ఆంగ్ల పదాలు ఎదురైనచోట వాటినీ రానిచ్చారు. మరొక చిక్కు విసుగు. నేటి మజిలీ నిన్నటి మజిలీ వంటిదే. నేటి బావి, నేటి అంగడి నిన్నటివంటివే. అయినను వాటిని మానక నమోదు చేయడంలోనే ఆ నిష్ఠ తెలుస్తుంది.

ఆ నిష్ఠకు ఊతమిచ్చినది స్నేహం. మద్రాసులో విద్యావ్యాప్తికి పాటుపడిన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల ఆయన ఆప్తమిత్రుడు. యాత్రా విశేషాలను వీరాస్వామయ్య ఆయనకు రాసి పంపుతూ వచ్చారు. చదివేవాడొకడు ఎదురుచూస్తున్నాడన్న నమ్మకం ఎంతటి అలసటలోనైనా కలం పట్టిస్తుంది.

ఆ రాతలు గ్రంథమైన శుభదినాన్ని మాత్రం ఆయన చూడలేదు. 1836లో కాలధర్మం చెందారు. 1838లో శ్రీనివాస పిళ్లగారే మిత్రుని జీవిత విశేషాలను జోడించి కాశీయాత్ర చరిత్రను అచ్చువేయించారు. 1869లో పునర్ముద్రణ జరిగింది. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి మళ్లీ లోకానికి అందించారు. మిత్రునికోసం రాసిన సంగతులు నేడు చరిత్రకారులకు ఆధారాలు. నాటి దారులు, ధరలు, జనజీవనం తెలియగోరేవారు ఆ పుటలను ఆశ్రయించవలసిందే. విసుగనిపించిన ఆ బావులు, అంగళ్ల లెక్కలే ఇందులో అమూల్యమైనవి కావడం విశేషం.

ఈ చరితం మనకు బోధించేదేమిటి? మాట్లాడే తెలుగు ఇంటిలో ఎట్లో నిలుస్తుంది. రాసే తెలుగు అట్లు కాదు. సాధన తప్పితే ఒక్క తరంలోనే చేయి జారిపోతుంది. అన్యభాషా ప్రాంతంలో ఉన్న మనకు ఈ భయం మరింత ఎక్కువ. పాఠశాల అక్షరాలు నేర్పగలదు. ఆ అక్షరాలతో దినమూ నాలుగు పంక్తులు రాయించే పని ఇంటిదే. తల్లిదండ్రులు బిడ్డ చేతికి ఒక నోటుపుస్తకమిచ్చి, వారానికొకమారైనా ప్రీతితో చదివితే చాలును. శ్రీనివాస పిళ్లవంటి పాఠకుడు ఆ బిడ్డకు ఇంటిలోనే లభించినట్లవుతుంది. పూర్వవిద్యార్థులు తమ గురువులకు, సహాధ్యాయులకు ఏటికొక ఉత్తరమైనా తెలుగులో రాయాలి. పెద్ద సంగతులే రాయనక్కరలేదు. ఇంటినుండి బడికి నడచిన దారి, నాటి కూరగాయల ధర, మల్లేశ్వరం వీధిలో కురిసిన వాన — ఇవి చాలు. డెబ్బదియైదేళ్లుగా ఈ ప్రాంగణంలో అక్షరాభ్యాసం చేసినవారందరూ ఈ చిన్న వ్రతాన్ని చేపట్టుదురుగాక.