బొగ్గులో ఇంధనం వెదికిన రసాయన శాస్త్రవేత్త జ్ఞాన్ చంద్ర ఘోష్

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగు కుటుంబాలకు తరతరాలుగా పరిచితమైన చిరునామా. అదే ఊరి హిజ్లీ ప్రాంతంలో దేశపు తొలి ఐఐటీ వెలసింది. దాని తొలి డైరెక్టరు ఆచార్య జ్ఞాన్ చంద్ర ఘోష్. పాఠశాల విద్యార్థులు చదివే ఆల్కీన్‌ల పాఠానికీ ఆయన పరిశోధనకూ దగ్గరి సంబంధం ఉంది.

పురూలియాలో జన్మించిన ఘోష్, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రఫుల్ల చంద్ర రాయ్ శిష్యుడు. ప్రబల విద్యుద్విశ్లేష్యాలపై 1918లో ఆయన ప్రకటించిన సిద్ధాంతం యూరప్ శాస్త్రవేత్తలను ఆకర్షించింది. 1923లో డిబై, హుకెల్‌ల సిద్ధాంతం దాని స్థానాన్ని ఆక్రమించినా, ఆయన కృషి ఆగలేదు. 1921 నుంచి ఢాకా విశ్వవిద్యాలయంలో బోధించి, 1939లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు.

అదే ఏట రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. దేశంలో బొగ్గు పుష్కలం, పెట్రోలియం స్వల్పం. బొగ్గు నుంచి లభించే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లను ఉత్ప్రేరకంపై కలిపి ద్రవ ఇంధనం తయారుచేసే ఫిషర్-ట్రోప్ష్ విధానంపై ఘోష్ దృష్టి సారించారు.

ఈ చర్యలో ఆల్కేన్‌లతో పాటు ఆల్కీన్‌లూ ఏర్పడతాయి. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ద్విబంధం ఉండటమే ఆల్కీన్‌ల లక్షణం. వీటిలో సరళమైన ఇథిలీన్‌లో రెండు కార్బన్‌లు, నాలుగు హైడ్రోజన్‌లు ఉంటాయి. ద్విబంధంలోని ఒక బంధం బలహీనం. అది తెగి కొత్త పరమాణువులకు చోటిస్తుంది. ఇదే సంకలన చర్య. ఆల్కీన్ కలిపితే బ్రోమిన్ నీటి రంగు పోవడానికి కారణమిదే. నికెల్ సమక్షంలో హైడ్రోజన్ చేరితే ఇథిలీన్ ఈథేన్‌గా మారుతుంది. ఫిషర్-ట్రోప్ష్ చర్యలోనూ కొన్ని ఆల్కీన్‌లు ఇలాగే ఆల్కేన్‌లవుతాయి. ఏది ఎంత మిగులుతుందన్నది చాలావరకు ఉత్ప్రేరకంపై ఆధారపడుతుంది. ఘోష్ పరిశోధనకు అదే కేంద్రం.

1950లో ఆయన ఖరగ్‌పూర్ బాధ్యతలు చేపట్టారు. సంస్థకు లభించిన భవనం హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులయ్యారు. స్వాతంత్ర్య యోధులను బంధించిన గదులు తరగతులకు నెలవయ్యాయి. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంస్థను ప్రారంభించారు.

1954లో కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, అనంతరం ప్రణాళికా సంఘ సభ్యుడిగా సేవలందించిన ఘోష్, 1959 జనవరి 21న కన్నుమూశారు. నాటి నిర్బంధ భవనంలో నేడు నెహ్రూ శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాల ఉంది.