పెరటి కోడి పుట్టుక వెతికిన ఎడ్వర్డ్ బ్లైత్

ఒక రైతు పెరట్లో నాలుగు కోళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది, ఒకటి మెడ మీద ఈకలు లేనిది, నాలుగోది పందెపు జాతిది. చూడడానికి ఒకదానికీ మరొకదానికీ పోలిక ఉండదు. ఇవన్నీ ఒకే అడవి పక్షి నుంచి వచ్చాయా? లేక ఒక్కో రకానికి ఒక్కో మూలం ఉందా?

సుమారు నూట డెబ్బై ఏళ్ల క్రితం ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన వారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ బ్లైత్. ఆయన కలకత్తాలో, అంటే నేటి కోల్‌కతాలో, ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని గురించి, కోళ్లూ బాతులూ పెంచేవారికి ఆయన కృషి ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకుందాం.

బాల్యం

బ్లైత్ 1810లో లండన్‌లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి కష్టపడి చదివించింది. పెద్దయ్యాక ఆయన ఒక మందుల దుకాణం కొన్నారు. కాని మనసంతా పక్షుల మీద, జంతువుల మీద ఉండేది. దుకాణం సరిగా నడవక నష్టం వచ్చింది. అయినా చదవడం, రాయడం మానలేదు. జంతువుల్లో తేడాలు ఎలా వస్తాయో వివరిస్తూ పాతికేళ్ల వయసుకే పత్రికల్లో వ్యాసాలు రాశారు.

కలకత్తాలో కొలువు

1784లో విలియం జోన్స్ కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీకి ఒక మ్యూజియం ఉండేది. 1841లో బ్లైత్ ఆ మ్యూజియం బాధ్యత తీసుకున్నారు. దేశం నలుమూలల నుంచి వచ్చే పక్షుల చర్మాలను పాడవకుండా చూడడం, వాటిని గుర్తించడం, పట్టికలు తయారుచేయడం ఆయన పని. జీతం ఏడాదికి 300 పౌన్లు. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ జీతం పెరగలేదు. 1854లో పెళ్లయ్యాక ఖర్చు పెరిగింది. అందుకని మారుపేరుతో పత్రికలకు రాశారు. బతికున్న జంతువులను, పక్షులను ఓడల మీద పంపి అమ్మే వ్యాపారం కూడా చేశారు. మ్యూజియం అధికారి వ్యాపారం చేయడమేమిటని మీకు అనిపించవచ్చు. చాలని జీతమే ఆయనను అటు నడిపించింది.

డార్విన్‌కు ఉత్తరాలు

1855లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్‌తో బ్లైత్‌కు ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలయ్యాయి. భారతదేశంలోని పెంపుడు జంతువులు, కోళ్లు, బాతుల గురించి బ్లైత్ పేజీలకు పేజీలు రాసి పంపారు. పెంపుడు కోళ్లన్నింటికీ మూలం ఎర్ర అడవి కోడి అన్నది ఆయన అభిప్రాయం. డార్విన్ 1859లో వెలువరించిన జాతుల ఉత్పత్తి గ్రంథంలో ఈ అభిప్రాయాన్ని బ్లైత్ పేరుతోనే పేర్కొన్నారు.

దీనికి ఆధారాలేమిటి? అడవి కోళ్లు నాలుగు రకాలు: ఎర్ర కోడి, బూడిద రంగు కోడి, సింహళపు కోడి, జావా వైపు ఉండే ఆకుపచ్చ కోడి. వీటిలో ఎర్ర పుంజు రూపం, కూత మన నాటు పుంజును పోలి ఉంటాయి. ఎర్ర కోడికీ పెంపుడు కోడికీ పుట్టిన పిల్లలు పెద్దవై మళ్లీ పిల్లలను పెడతాయి. బూడిద రంగు కోడి కూత వేరు. దానితో కలిపి పుట్టించిన పిల్లలకు సంతానం కలగడం అరుదు. ఉత్తరాంధ్ర మన్యంలో ఎర్ర అడవి కోడి, నల్లమలలో బూడిద రంగు కోడి ఉన్నాయి. అవకాశముంటే వాటి కూతలో తేడాను మీరే విని చూడండి.

బాతుల సంగతి

గూస్ అనే పెద్ద బాతుల విషయంలోనూ బ్లైత్ ఇచ్చిన సమాచారం డార్విన్‌కు ఉపయోగపడింది. రెండు వేర్వేరు జాతుల గూస్‌లు కలిసి పుట్టిన మందలను మన దేశంలో చాలాచోట్ల పెంచుతున్నారని బ్లైత్, కెప్టెన్ హటన్ తెలియజేశారు. లాభం కోసం మందలుగా పెంచుతున్నారంటే వాటికి పిల్లలు బాగా పుడుతున్నట్టే కదా అని డార్విన్ వాదించారు. అంటే పేరు తెలియని పెంపకందార్ల అనుభవం ఒక పెద్ద సిద్ధాంతానికి సాక్ష్యమైంది.

అన్ని కలయికలూ ఇలా ఉండవు. మామూలు బాతుకు మూలం మల్లార్డ్ అనే అడవి బాతు. మస్కవీ బాతు వేరే జాతి. ఈ రెండింటికీ పుట్టిన పిల్లలు మాంసానికి బాగా పనికొస్తాయి, కాని అవి గొడ్డువి. ప్రతిసారీ తల్లిదండ్రులను వేరుగా ఉంచుకొని కొత్త పిల్లలను పుట్టించుకోవలసిందే.

చివరి రోజులు

1857లో బ్లైత్ భార్య చనిపోయింది. ఆ దుఃఖం నుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదు. ఆరోగ్యం దెబ్బతిని 1862లో ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఏడాదికి 150 పౌన్ల పింఛను మాత్రం దక్కింది. 1873 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన కాపాడిన సేకరణలు తర్వాత కలకత్తాలోని ఇండియన్ మ్యూజియానికి చేరాయి.

ఆయన మాట నిలిచిందా?

చాలావరకు నిలిచింది. 2020లో వెలువడిన జన్యు పరిశోధన కూడా ఎర్ర అడవి కోడినే ప్రధాన మూలంగా చూపింది. ఆగ్నేయాసియా ఉత్తర భాగం, నైరుతి చైనా ప్రాంతంలోని ఉపజాతి నుంచి పెంపుడు కోడి వచ్చిందని తెలిపింది. అయితే చిన్న సవరణ ఉంది. చాలా కోళ్ల పసుపు చర్మానికి కారణమైన జన్యువు బూడిద రంగు కోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది.

మీకు దీనితో పనేమిటి? కోళ్లన్నీ ఒకే జాతి కాబట్టే నాటు కోడినీ మేలు రకాన్నీ సంకరపరచగలుగుతున్నాం. హైదరాబాదులోని రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా ఇలాంటి సంకర రకమే. అయితే సంకర కోడి మంచి గుణాలు దాని పిల్లలన్నింటికీ సమానంగా రావు. అందుకే ప్రతి విడతకూ కొత్త పిల్లలను తెచ్చుకోవడం మంచిది.

ఇంకో విషయం. అడవి కోడి రాత్రిపూట కొమ్మ మీద నిద్రపోతుంది. మన కోడికీ ఆ అలవాటు పోలేదు. అందుకే గూట్లో అడ్డకర్ర కట్టాలి. మామూలు బాతు కర్ర ఎక్కదు, నేల మీదే పడుకుంటుంది. దానికి పొడి గడ్డి పరవాలి. పక్షి పుట్టుక తెలిస్తే దాని అవసరం తెలుస్తుంది.

ప్రశ్నలు

1. పెంపుడు కోళ్లకు ఎర్ర అడవి కోడే మూలమనడానికి రెండు ఆధారాలు రాయండి.
2. మస్కవీ, మామూలు బాతుల సంకర పిల్లలను పెంచేవారు ఏ విషయం గుర్తుంచుకోవాలి?
3. మీ ఊళ్లో పెంచే కోళ్ల రకాలను పరిశీలించి, వాటి రంగు, కూత, అలవాట్ల గురించి పది వాక్యాలు రాయండి.