గాలిచక్రపు పశువైద్యుడు: జాన్ బాయిడ్ డన్‌లప్

మన ప్రాంతపు పెద్దలలో డన్‌లప్ అనే మాట విననివారు అరుదు. సైకిలు టైరు మీద, ఎడ్లబండి టైరు మీద, లారీ టైరు మీద ఆ పేరు ఉబ్బెత్తు అక్షరాలతో కనిపించేది. అది ఒక కంపెనీ పేరని అందరికీ తెలుసు. అంతకుముందు అది ఒక మనిషి పేరని, ఆ మనిషి ఇంజనీరు కాడని, గుర్రాలకు వైద్యం చేసుకుంటూ బ్రతికిన ఒక నెమ్మదస్థుడని తెలిసినవారు తక్కువ. నేడు మంచి సైకిలు కొనదలచిన యువకుడు మొదట విచారించేది చక్రాల సంగతి. ఏ చక్రం తేలిక, ఏ చక్రం వేగం, ఏ చక్రం మన్నిక అనే ఈ విచారణను నేటి రూపంలో ఆరంభించినది ఆయనే కనుక, ఆయన జీవితాన్ని ఈ పుటలలో స్మరించుకోవడం సముచితం.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకుండానే పుట్టిన బిడ్డ కావడంచేత తనది సుకుమారమైన శరీరమన్న భావన ఆయనకు చిన్ననాటినుండి ఉండేది. చెప్పుకోదగిన జబ్బేదీ లేకపోయినా ఆ జాగ్రత్త జీవితాంతం వీడలేదు. అట్టివాడు ఎనభై ఒక్క సంవత్సరాలు జీవించాడు! ఎడింబరోలో పశువైద్యం చదివి, పంతొమ్మిదేళ్లకే పట్టా పుచ్చుకొని, 1867లో ఐర్లండుకు తరలివెళ్లాడు. బెల్‌ఫాస్ట్ నగరంలో ఆయన వైద్యశాల క్రమంగా ఐర్లండు అంతటిలోను పెద్దవాటిలో ఒకటిగా పేరు పొందింది. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

నలభై ఏడేళ్ల వయసు వచ్చేవరకు ఆయన జీవితంలో లోకం గుర్తుంచుకోదగిన సంఘటన ఏదీ లేదనే చెప్పాలి. అప్పుడు కథలోకి కుమారుడు జానీ, అతని మూడు చక్రాల సైకిలు ప్రవేశించాయి.

ఆనాటి సైకిలు చక్రం స్థితిని కొంత తెలుసుకొంటే తప్ప తరువాతి విషయం బోధపడదు. మన ఎడ్లబండి చక్రానికి కుండ, ఆకులు, చుట్టూ ఇనుప పట్టా ఉన్నట్లే, మొదటి సైకిళ్లకు కూడా కొయ్య చక్రాలు, ఇనుప పట్టాలు ఉండేవి. తరువాత సన్నని తీగలవంటి ఉక్కు స్పోకులు వచ్చాయి. ఆ స్పోకులను హబ్బునుండి సూటిగా కాక ఏటవాలుగా బిగించే పద్ధతికి 1874లో జేమ్స్ స్టార్లీ పేటెంటు పొందాడు. నేటికీ మన సైకిలు వెనుక చక్రంలో స్పోకులు ఒకదానినొకటి దాటుతూ అల్లుకొని ఉండడం ఆ పద్ధతి ఫలితమే. రిమ్ము మీద మాత్రం గట్టి రబ్బరు పట్టీ ఉండేది. బండరాళ్లు పరచిన బెల్‌ఫాస్ట్ వీధులలో అట్టి చక్రాల మీద కూర్చున్నవానికి ప్రతి రాయి వెన్నెముకలో తెలిసేది.

కుమారుని ఇబ్బంది చూసి డన్‌లప్ 1887 అక్టోబరులో ఒక ప్రయోగానికి పూనుకొన్నాడు. సుమారు మూడడుగుల వ్యాసం గల కొయ్య బిళ్ల నొకదానిని తీసుకొన్నాడు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి బిళ్ల అంచున చుట్టి, దానిపై నారగుడ్డను కప్పి మేకులతో బిగించాడు. ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే పంపుతో గాలి నింపి, మూతిని బంతికి కట్టినట్లే ముడివేశాడు. ఆ తరువాత ఆయన చేసిన పని, నా దృష్టిలో, ఆ గొట్టం కంటె గొప్పది. జానీ సైకిలు చక్రాన్ని ఒకదానిని ఊడదీసి, రెండింటిని తన పెరటిలో ఒకదాని తరువాత ఒకటి దొర్లించాడు. గట్టి రబ్బరు చక్రం పెరడు దాటకుండానే పడిపోయింది. గాలి చక్రం చివరిదాకా పోయి, గేటు స్తంభానికి తగిలి వెనుకకు ఎగిరిపడింది.

ఆయన వెదికింది కుమారునికి సుఖం. ఆ పెరటిలో దొరికింది వేగం. మెత్తని చక్రం మెల్లగా పోతుందని, గట్టి చక్రమే జోరుగా పోతుందని అందరూ అనుకొనేవారు. చూడడానికి అది సహజంగానే తోస్తుంది. కాని దారి నునుపుగా లేనప్పుడు గట్టి చక్రం ప్రతి రాయి వద్దను బండిని, మనిషిని కలిపి పైకెత్తవలసి ఉంటుంది. ఎత్తడానికి ఖర్చయిన శక్తి ముందుకు నడవడానికి మిగలదు. గాలి నిండిన గొట్టమైతే రాయిని తనలో ఇముడ్చుకొని, దాటగానే మరల పూర్వరూపం పొందుతుంది. బండి, మనిషి ఉన్న ఎత్తులోనే ఉంటారు.

1888 తొలి మాసాలలో ఒక వెన్నెల రాత్రి జానీ ఆ చక్రాల సైకిలు నెక్కి వీధిలోకి వెళ్లాడు. ఇంతలో చంద్రగ్రహణం పట్టి చీకటి పడగా ఇంటికి వచ్చి, గ్రహణం విడిచాక మరల వెళ్లాడట. మరునాడు టైర్లను పరిశీలిస్తే గీత కూడా పడలేదు. ఆ సంవత్సరమే డన్‌లప్ పేటెంటు పొందాడు. బెల్‌ఫాస్ట్‌లోని ఎడ్లిన్ అనే సైకిలు తయారీదారు ఈ చక్రాలతో సైకిళ్లు చేయసాగాడు. ఇక్కడొక చిక్కు గమనార్హం. లావైన గాలి టైరు పాత సైకిలు ఫోర్కులో పట్టదు. చక్రం మార్చుకోదలచినవాడు సైకిలునే మార్చుకోవలసి వచ్చింది. నేటికీ కొత్త చక్రాలు కొనేవారు ముందుగా కొలవవలసినది ఫోర్కుకు, టైరుకు మధ్య ఉన్న సందునే.

విల్లీ హ్యూమ్ అనే బెల్‌ఫాస్ట్ యువకుడు ఆ సైకిలు నొకదానిని కొన్నాడు. పందెగాళ్లలో అతడు మొదటి వరుసవాడు కాడు. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కళాశాల క్రీడోత్సవంలో ఆ లావుపాటి టైర్లను చూసి జనం నవ్వారు. అతడు పాల్గొన్న నాలుగు పందేలను నాలుగింటినీ గెలిచాడు. పిదప లివర్‌పూల్ వెళ్లి అక్కడ ఒక్కటి తప్ప అన్నీ గెలిచాడు. ఒక కళాశాల మైదానంలో, ఒక సామాన్యుని గెలుపుతో ఇంత పెద్ద పరిశ్రమ పుట్టడం విద్యార్థులమైన మనకు ఆసక్తి కలిగించే విషయమే.

అతని చేతిలో ఓడినవారిలో డబ్లిన్ నగరపు కాగితాల వర్తకుడు హార్వే డ్యూ క్రోస్ కుమారులు ఉన్నారు. ఆ తండ్రి ఓటమికి చింతించక, ఆ చక్రం విలువను గ్రహించాడు. 1889లోనే డబ్లిన్‌లో కంపెనీ స్థాపించాడు. డన్‌లప్ తన పేటెంటును అతనికి అప్పగించి, బదులుగా 1,500 వాటాలు తీసుకొన్నాడు.

మరుసటి యేడు పిడుగువంటి వార్త వచ్చింది. డన్‌లప్ పేటెంటు చెల్లదు! గాలి చక్రానికి 1845లోనే, డన్‌లప్ ఐదేళ్ల బాలుడుగా ఉన్నప్పుడే, రాబర్ట్ విలియం థామ్‌సన్ అనే మరో స్కాట్లండువాడు పేటెంటు పొందాడు. అతడు గుర్రపు బండ్లకు గాలి చక్రాలు బిగించి లండన్ రీజెంట్స్ పార్కులో నడిపించి చూపాడు కూడ. అప్పటికి సైకిలు లేదు, తగినంత పలుచని రబ్బరు చౌకగా దొరకదు. కనుక లోకం దానిని మరచిపోయింది. థామ్‌సన్ 1873లో మరణించాడు. డన్‌లప్ ఆ సంగతి ఎరుగక స్వయంగా కనుగొన్నాడు. చట్టం దృష్టిలో అది మొదటిది కాకుండా పోయింది. ఈ విషయంలో ఇద్దరికీ న్యాయం చేయడం కష్టం. భావన మొదటివానిది, దానిని లోకానికి పనికివచ్చేలా చేసినది రెండవవాడు అనడమే ఉచితం.

పేటెంటు పోయినా కంపెనీ నిలబడడానికి కారణం డన్‌లప్ కాదు. ఆయన టైరు వేగం గలదే కాని, దానితో కాపురం చేయడం కష్టం. దానిని రిమ్ముకు జిగురుతో అంటించి, గుడ్డ చుట్టి బిగించేవారు. ముల్లు దిగితే సైకిలు కొన్నవాడు ఏడవవలసిందే. ఫ్రాన్సులో ఎడ్వర్డ్ మిషెలాన్ అట్టి టైరును ఒకదానిని బాగుచేయ పూని, గంటలకొద్ది శ్రమించి, జిగురు ఆరడానికి ఒక రాత్రి ఆగవలసి వచ్చింది. ఆ విసుగులోనుండి అతని ఊడదీసే టైరు పుట్టింది. 1891లో పారిస్‌నుండి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగివచ్చే సుమారు 1,200 కిలోమీటర్ల పందెంలో మిషెలాన్ టైర్లు వాడిన షార్ల్ టెరాన్ గెలిచాడు. డన్‌లప్ టైర్లు వాడిన జీల్-లవాల్ రెండవవాడయ్యాడు. ఇంగ్లండులో వెల్చ్ అనే అతడు 1890లో టైరు అంచులో తీగ పెట్టి, గుంటగా వంచిన రిమ్ములో కూర్చుండే పద్ధతిని కనుగొన్నాడు. డ్యూ క్రోస్ తెలివిగా ఆ పేటెంటును కొన్నాడు. నేడు మన వీధి మూలనున్న పంక్చరు దుకాణంలో రెండు చిన్న ఇనుప పట్టీలతో టైరును ఊడదీసి, ట్యూబును బయటకు లాగి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూడగలుగుతున్నామంటే అది వెల్చ్ చలవ. గాలిని తెలుగువారం గాలి అంటాము, ఉర్దూ మిత్రులు హవా అంటారు. పంక్చరు మాత్రం ఇరువురికీ ఒకటే!

వాల్వు కథ మరీ విచిత్రం. సన్నని రబ్బరు గొట్టం తొడిగిన మన మామూలు సైకిలు వాల్వును చాల దేశాలలో డన్‌లప్ వాల్వు అంటారు. దానిని కనుగొన్నది ఆయన కాదు, వుడ్స్ అనే అతడు. చేసిన పనికి హక్కు పోగొట్టుకొన్న మనిషికి, చేయని పనికి పేరు దక్కింది.

డన్‌లప్‌కు, డ్యూ క్రోస్‌కు పొత్తు కుదరలేదు. 1895లో ఆయన కంపెనీనుండి వైదొలగాడు. మరుసటి సంవత్సరమే హూలీ అనే వ్యాపారి ఆ కంపెనీని ముప్పై లక్షల పౌన్లకు కొని, యాభై లక్షల పౌన్లకు మరల వాటాలుగా అమ్మాడు. కంపెనీ పేరులో డన్‌లప్ అని చేరినది కూడ అప్పుడే, అనగా ఆ మనిషి బయటకు నడిచిన తరువాత! ఆ ధనరాశిలో ఆయనకు భాగం లేదు. డబ్లిన్‌లో బట్టల వ్యాపారం చూసుకొంటూ నిరాడంబరంగా కాలం గడిపాడు. ఆయనను బాధించినది ధనం పోవడం కాదేమో! పొడవైన టోపీ, తెల్లని వెయిస్టుకోటు, చేతికర్రతో విలాసపురుషునిగా ఆయనను చిత్రించి కంపెనీ ప్రకటనలు వేయగా, ఆ నెమ్మదస్థుడు దాని విషయమై న్యాయస్థానం దాకా వెళ్లాడు.

ఈ చక్రం తెచ్చిన కీడును దాచడం చరిత్రకు ద్రోహమవుతుంది. సైకిలుకు, పిదప మోటారుకు రబ్బరు గిరాకీ పెరిగినకొద్దీ కాంగో అడవులలో బెల్జియం రాజు లియోపోల్డ్ మనుషులు గ్రామాలకు రబ్బరు లెక్క విధించి, తేలేనివారిని చిత్రవధ చేశారు. 1908లో ఆ దేశం ఆయన చేతినుండి తొలగేవరకు లక్షలాది ప్రజలు నశించారు. డన్‌లప్‌కు అందులో ఏ పాత్రా లేదు. అయినా కుమారుని సుఖం కోరి చేసిన గొట్టం ఎంత దూరం దొర్లిందో చెప్పకుండా ఆయన కథ పూర్తికాదు.

మేలు కూడ ఆయన ఊహించని చోట జరిగింది. మన దేశంలో డన్‌లప్ కంపెనీ కర్మాగారం 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో వెలసింది. ఎడ్లబండ్లకు గాలి టైర్లు వచ్చాయి. ఇనుప పట్టా బండి మెట్టదారిలో లాగే ఎడ్ల మెడలమీద పడే బరువు, కుదుపు, టైరు బండితో చాలవరకు తగ్గాయి. జీవితమంతా పశువుల సేవ చేసిన వైద్యునికి పందేల గెలుపులకంటె ఇదే ఎక్కువ సంతోషం కలిగించి ఉండేదని నా నమ్మకం.

ఇక నేటి మాట. కార్బను రిమ్ములు, తక్కువ స్పోకులు, ట్యూబు లేని టైర్లు గల చక్రాలు నేడు ఒక్కొక్క జత మొత్తం సైకిలు ధరను మించి అమ్ముడవుతున్నాయి. లోతైన రిమ్ము గాలిని చీల్చుకుపోతుందన్నది నిజమే, కాని ఆ లాభం మిక్కిలి వేగంగా పోయేవానికే కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, శతాబ్దం పాటు పందెగాళ్లు టైరును సన్నగా, గాలిని గట్టిగా చేసుకొంటూ వచ్చి, 2010 తరువాత మరల వెనుకకు తిరిగారు. 23 మిల్లీమీటర్ల టైరు 25 అయింది, 28 అయింది. గతుకు దారిలో అతిగా గాలి కొట్టిన సన్నని టైరు శక్తిని కుదుపులలో పోగొడుతుందని కొలతలు తేల్చాయి. బెల్‌ఫాస్ట్ పెరటిలో గేటు స్తంభం చెప్పినదీ అదే. కాటారం నుండి మహాదేవపురం మీదుగా కాళేశ్వరం పోదలచిన విద్యార్థి ఖరీదైన రిమ్ముకు ముందు మంచి టైర్లు కొని, అవి ఫోర్కులో పట్టునంత వెడల్పువి ఎంచుకొని, తన బరువుకు తగిన గాలి పెట్టించుకోవడం మేలు. స్పోకులు తక్కువైన చక్రంలో ఒక్క స్పోకు తెగినా రిమ్ము వంకర తిరుగుతుంది. దానిని సరిచేసే మిస్త్రీ ఎంత దూరంలో ఉన్నాడో కూడ ఆలోచించాలి.

డన్‌లప్ 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లోని బాల్స్‌బ్రిడ్జ్‌లో కన్నుమూశాడు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. గాలి టైరు చరిత్రను ఆయన స్వయంగా వ్రాసిపెట్టగా, మరణానంతరం కుమార్తె జీన్ దానిని ప్రచురించింది. ఉత్తర ఐర్లండులో ఒక బ్యాంకు పది పౌన్ల నోటుపై ఆయన గడ్డపు ముఖాన్ని ముద్రించింది. జానీ సైకిలు కోసం చేసిన ఆ తొలి టైరు ఎడింబరో మ్యూజియంలో, ఆయన పశువైద్యం చదివిన ఊరిలోనే, భద్రంగా ఉంది.