డాలర్ నోటు మీద మూసిన నోరు

ఒక డాలర్ నోటు మీదున్న జార్జి వాషింగ్టన్ బొమ్మని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఎమ్మెస్ కలలు కనే మన బ్యాచ్‌లో ఆ నోటు తెలీని వాళ్ళుండరు. అయినా మొన్న సంక్రాంతి సెలవుల దాకా ఆయన మూతి సంగతి నేనూ పట్టించుకోలేదు. పెదాలు బిగబట్టి, లోపల ఏదో దాచుకున్నట్టు ఉంటాడు. ఆ దాచుకున్నది పళ్ళ సెట్టు.

ఇది తెలియడానికి కారణం మా తాతయ్య. రాజాం దగ్గర మా ఊళ్ళో ఉంటారు, రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన పోతన పద్యం ఎత్తుకుంటే వీధి చివరికి వినిపించేది. పళ్ళన్నీ పోయి ఏడాదవుతోంది. ఇప్పుడు త, ద, న ఏవీ సరిగ్గా పలకడం లేదు. నాలుక పంటికి తగిలితే పుట్టే అక్షరాలు కాబట్టి వాటిని దంత్యాలంటారని నాకు నేర్పింది ఆయనే. తాత అన్న మాటలోనే రెండున్నాయి.

విజయనగరంలో డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు ఒకటి. దవడ ఎముకలో టైటానియం మరలు బిగించి, వాటి మీద కదలకుండా పళ్ళు కట్టడం రెండోది. మొదటిది వేలల్లో అయిపోతుంది, రెండోది లక్షల్లో. పది సెంట్ల మెట్ట అమ్మేసైనా సరే, రెండోదే చేయిద్దామని నాన్న పట్టుబట్టారు. తాతయ్య ఏమీ అనలేదు. ఆ రాత్రి ఫోన్‌లో పళ్ళ గురించి వెతుకుతుంటే నాకు వాషింగ్టన్ దొరికాడు.

ఆయన 1732లో వర్జీనియాలో పుట్టాడు. 24 ఏళ్ళకే, 1756లో, ఐదు షిల్లింగులిచ్చి ఒక పన్ను పీకించుకున్నాడు. అక్కడినుంచి ఏవేవో ఊడుతూనే ఉన్నాయి. డైరీల్లో, ఉత్తరాల్లో పంటి నొప్పి, చిగుళ్ళ వాపు మాటిమాటికీ వస్తాయి. 1781లో, యుద్ధం నడుస్తుండగా, పళ్ళు శుభ్రం చేసుకునే పనిముట్లు పంపమని డాక్టరుకి ఉత్తరం రాస్తే, అది కాస్తా బ్రిటిష్ వాళ్ళ చేతికి చిక్కింది. సైన్యాధిపతి నోటి గుట్టు శత్రువుకి తెలిసిపోయింది.

1789లో మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో మిగిలిన సొంత పన్ను ఒకే ఒక్కటి. అందరూ అనుకునేట్టు ఆయనవి చెక్క పళ్ళు కావు. నీటి గుర్రం దంతం, మనుషుల పళ్ళు, ఆవు, గుర్రం పళ్ళు, సీసం, లోహపు స్ప్రింగులు... ఆయన వాడిన సెట్లలో ఇవన్నీ ఉన్నాయి. స్ప్రింగులు రెండు దవడల్నీ ఎడంగా తోస్తుంటాయి కాబట్టి నోరు మూసి ఉంచడానికే బలం కావాలి. 1793లో రెండోసారి ప్రమాణం చేసినప్పుడు ఆయన ప్రసంగం 135 మాటలే. పళ్ళ వల్లే అంత చిన్నదైందని నేననను గానీ, ఆ లెక్క చూడగానే నాకు అరుగు మీద మౌనంగా కూర్చున్న తాతయ్యే గుర్తొచ్చారు.

జాన్ గ్రీన్‌వుడ్ అనే ఆయన దంతవైద్యుడు ఆ ఒక్క పన్నునీ పీకలేదు. సెట్టుకి ఒక కన్నం పెట్టి, పన్ను అందులోంచి వచ్చేలా చేశాడు. మొత్తం సెట్టుకి అదే మేకు. 1796లో అదీ పోయాక, తీసిన పన్నుని గ్రీన్‌వుడ్ లాకెట్‌లో దాచుకున్నాడు. నోటు మీద అచ్చయిన బొమ్మకి మూలం గిల్బర్ట్ స్టువర్ట్ అదే ఏడాది వేసిన చిత్రం. 1798లో కూడా సెట్టు పెదాల్ని ముందుకి తోసేస్తోందని గ్రీన్‌వుడ్‌కి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 1799 డిసెంబరు 14న పోయాడు.

ఆ రోజుల్లో కదలని పళ్ళు కావాలంటే ఒక దారి ఉండేది. ఇంకొకరి పన్ను పీకి, వెంటనే మన చిగుట్లో నాటడం. లె మేయర్ అనే ఫ్రెంచి వైద్యుడు అమెరికాలో ఆ పని చేసేవాడు. 1784 మేలో వాషింగ్టన్ పద్దులో ఒక ఖర్చు ఉంది: ఆ వైద్యుడి లెక్కలో, నల్లవాళ్ళ దగ్గర కొన్న తొమ్మిది పళ్ళకి 122 షిల్లింగులు. అవి ఎవరి నోట్లోకి వెళ్ళాయో పద్దు చెప్పదు. డబ్బిచ్చాడు నిజమే. కానీ కాదనే హక్కు లేని బానిస పన్నుకి ధర కట్టడమేంటి?

పొద్దున్నే ఇదంతా తాతయ్యకి చెప్పాను. తొమ్మిది పళ్ళ దగ్గర ఆపి, మళ్ళీ చెప్పించుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాన్నని పిలిచి, ఆ మెట్ట చెల్లి ఇంజనీరింగ్ ఫీజు కోసం ఉంచిందని, ఒకరి నోటి కాడది తీసి తన నోట్లో పెట్టుకోనని తేల్చేశారు. పోలిక సరిగ్గా అతకదని నాకూ తెలుసు. కానీ ఆయనతో వాదించలేకపోయాను.

మళ్ళీ విజయనగరం వెళ్ళినప్పుడు గ్రీన్‌వుడ్ కన్నం గురించి డాక్టరు గారిని అడిగాను. ఆయన నవ్వి మూడో దారి చెప్పారు. పై సెట్టు అంగిలికి పట్టుకుని నిలబడుతుందట. జారిపోయేది కింది సెట్టే, ఎందుకంటే పళ్ళు పోయాక ఒత్తిడి లేక దవడ ఎముక అరిగిపోతుంది. కింద రెండు మరలు బిగించి, వాటికి సెట్టు టిక్కుమని పట్టేలా చేస్తే చాలు. రాత్రి తీసి కడుక్కోవచ్చు, పగలు కదలదు. టైటానియంతో ఎముక అతుక్కుపోతుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ కనిపెట్టి, 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. ఆ టైటానియం ఖనిజం మన కళింగపట్నం తీరం ఇసకలోనూ ఉంది. వాషింగ్టన్ దగ్గర దేశమంత పలుకుబడి ఉన్నా ఈ లోహం లేదు.

ఒక షరతు పెట్టారు. సుగర్ అదుపులోకి రావాలి, చుట్ట మానాలి, లేకపోతే మర నిలవదు. సుగర్ తగ్గించడానికి రెండు నెలలు పట్టింది. చుట్ట మానడమే తాతయ్యకి పెద్ద యుద్ధమైంది.

ఇప్పుడు పై సెట్టు వచ్చేసింది, కింద రెండు మరలు పడ్డాయి. అవి ఎముకతో అతుక్కోవడానికి మూడు నెలలు ఆగాలి. మెట్ట అలాగే ఉంది. నిన్న ఫోన్‌లో తాతయ్య ఒక పద్యం మొదలుపెట్టి, రెండో పాదంలో ఆగిపోయారు. సకారం ఇంకా ఈల వేస్తోందట. తనకి తనే తప్పు దిద్దుకుని, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నారు.