కూఫా బజారులో ఒక ఇమామ్

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) పేరు వినని ముస్లిం కుటుంబం మన తెలుగు ప్రాంతాల్లో బహుశా ఉండదు. ఇక్కడి ముస్లింలలో అత్యధికులు నమాజు మొదలు నికాహ్, వారసత్వం దాకా ఆయన పేరిట ఏర్పడిన హనఫీ ఫిఖహ్‌నే అనుసరిస్తున్నారు. అయితే ఆయన్ను మనం మస్అలాల గ్రంథాల్లోనే చూస్తుంటాము. ఆయన ఒక పెద్ద బట్టల వ్యాపారి అన్న సంగతిని అంతగా గుర్తుంచుకోము. వ్యాపారం చేసుకునే ప్రతి ముస్లిం ఇంట్లో ఆయన జీవితంలోని ఈ పార్శ్వం గురించి కూడా చెప్పుకోవాలి.

ఆయన అసలు పేరు నూమాన్ బిన్ సాబిత్. హి.శ. 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. పట్టు, ఉన్ని కలిపి నేసే ‘ఖజ్’ అనే ఖరీదైన వస్త్రం ఆ కుటుంబ వ్యాపారం. బజారుకు వెళ్ళి వస్తున్న ఆ యువకుడిలోని చురుకుదనాన్ని గమనించి, ధర్మవిద్య వైపు మళ్ళించిన వారు ఇమామ్ షాబీ (రహ్మలై). ఆ తర్వాత ఆయన హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) వద్ద పద్దెనిమిదేళ్ళు శిష్యరికం చేశారు. హి.శ. 120 (క్రీ.శ. 738)లో గురువు మరణించాక ఆయన స్థానంలో కూర్చుని బోధించసాగారు. అయినా దుకాణం మూసివేయలేదు. అమ్ర్ బిన్ హురైస్ ఇంట్లో ఉన్న ఆ దుకాణం కూఫాలో అందరికీ తెలిసినదే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. విద్యాబోధనకు ఎక్కువ సమయం వెచ్చించే మనిషి తన వ్యాపారాన్ని ఇతరుల చేతుల్లో పెట్టక తప్పదు. యజమాని ఎంత దైవభీతిపరుడైనా, ఆయన లేనప్పుడు బేరం కూడా అంతే నీతిగా జరుగుతుందని నమ్మకమేమిటి?

హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ ఆయన వ్యాపార భాగస్వామి. ఒకసారి ఇమామ్ గారు ఆయనకు సరుకు పంపుతూ, అందులో ఫలానా వస్త్రంలో లోపం ఉందనీ, అమ్మేటప్పుడు కొనేవారికి ఆ విషయం చెప్పాలనీ ముందే తెలియజేశారు. హఫ్స్ సరుకంతా అమ్మారు. కాని లోపం సంగతి చెప్పడం మరచిపోయారు. కొన్నవారెవరో కూడా ఆయనకు తెలియదు. ఈ విషయం తెలియగానే ఇమామ్ గారు ఆ సరుకు ద్వారా వచ్చిన సొమ్మంతా దానధర్మాలకు ఇచ్చివేశారు.

కాస్త ఆలోచించండి. హఫ్స్ మోసం చేయలేదు, మరచిపోయారు. ఇమామ్ గారైతే చెప్పవలసింది ముందే చెప్పారు. తన బాధ్యత తీరిందని ఊరుకోవచ్చు. లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఫిఖహ్‌లో ఎలాగూ ఉంది. దీన్నే ‘ఖియారె ఐబ్’ అంటారు. వారు వస్తే చూద్దామని అనుకోవచ్చు. కాని ఆయన అలా అనుకోలేదు. తన పేరుతో జరిగిన అమ్మకానికి తానే జవాబుదారీ అని భావించారు. కొన్నవారు దొరకని పరిస్థితిలో ఆ సొమ్మును తన ఇంటికి చేరనివ్వలేదు.

అమ్మేటప్పుడే కాదు, కొనేటప్పుడూ ఆయన తీరు ఇదే. ఒక స్త్రీ పట్టువస్త్రం తెచ్చి నూరు దిర్హములకు అమ్మజూపింది. దాని విలువ అంతకంటే ఎక్కువని ఆయన చెప్పారు. ఆమె నూరు చొప్పున పెంచుతూ నాలుగు నూర్ల దాకా వెళ్ళింది. ఇంకా ఎక్కువే అనేసరికి తనను ఆటపట్టిస్తున్నారనుకుంది. అప్పుడాయన మరో మనిషిని పిలిపించి ధర కట్టించి, ఐదు నూర్లకు కొన్నారు. ఎదుటివారి అమాయకత్వాన్ని ఆయన లాభంగా మార్చుకోలేదు.

వచ్చిన లాభంతో ఆయన పండితుల, విద్యార్థుల అవసరాలు తీర్చేవారు. తనకు కృతజ్ఞత చెప్పనక్కర్లేదనీ, అల్లాహ్‌నే స్తుతించమనీ వారితో అనేవారు. పేదరికం వల్ల చదువు మానేసే స్థితిలో ఉన్న అబూ యూసుఫ్ (రహ్మలై)ను ఆదుకున్నది ఆయనే. ఆ శిష్యుడే తర్వాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి (ఖాజియుల్ ఖుజాత్) అయ్యారు.

సొంత సంపాదన ఉన్నందువల్ల ఆయన పాలకుల ముందు చేయి చాచలేదు. ఖలీఫా మన్సూర్ న్యాయమూర్తి పదవి ఇవ్వజూపితే తిరస్కరించారు. బాగ్దాద్ నిర్మాణ సమయంలో ఆయనకు ఇటుకలు లెక్కించే పని అప్పగించారనీ, ఆయన రెల్లుకర్రతో ఇటుకల వరుసలు కొలిచి లెక్క తేల్చేవారనీ తబరీ చరిత్రలో ఒక కథనం ఉంది. పదవి నిరాకరించినందుకు చెరసాల పాలయ్యారు. హి.శ. 150 (క్రీ.శ. 767)లో బాగ్దాద్‌లో కన్నుమూశారు.

ఇక మన దుకాణాల సంగతి చూద్దాం. గల్లాపెట్టె దగ్గర కూర్చునే యజమాని తాను అబద్ధం చెప్పడు. కాని నెలకు ఇంత అమ్మి తీరాలని పనివానికి షరతు పెడతాడు. ఆ పనివాడు రంగు వెలిసే బట్టను వెలవనిదని చెప్పి అమ్మితే, ఆ పాపంలో యజమానికి వాటా లేదంటారా? లాభం మాత్రం తనది, అబద్ధం మాత్రం పనివానిది అనే లెక్క ప్రళయదినాన చెల్లుతుందా?

హఫ్స్ సంఘటన నుండి మరో పాఠం కూడా నేర్చుకోవాలి. మంచివారు కూడా మరచిపోతారు. కాబట్టి నోటిమాటగా చెప్పి ఊరుకోకూడదు. లోపమున్న సరుకును వేరుగా పెట్టాలి, దానిపై చీటీ అంటించాలి, బిల్లు మీద రాయాలి. మదీనా బజారులో ధాన్యపు రాశి లోపల తడి తగిలినప్పుడు దైవప్రవక్త (స) ఆ వ్యాపారిని మందలించడంతో ఆగలేదు. తడిసిన ధాన్యం జనానికి కనబడేలా పైన పెట్టవలసిందని మార్గం కూడా చూపారు. సరుకే తన లోపం చెప్పుకునేలా ఉంటే, అమ్మేవాడు మరచిపోయినా కొనేవాడు మోసపోడు.

మన వ్యాపారాలను ధర్మసమ్మతంగా నడుపుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.