వంట అంతగా రాని ఆవిడ గీసిన వంటిల్లు

ఒకసారి మీ ఫ్రిజ్ తలుపు తెరిచి చూడండి. గుడ్లు, వెన్న, నీళ్ల సీసాలు పెట్టుకోవడానికి తలుపు లోపలి వైపే అరలుంటాయి. వంటింట్లో చెత్తడబ్బాకు పెడల్ ఉంటే, చేతులకు పిండి అంటుకుని ఉన్నా కాలితో నొక్కి మూత తెరుస్తారు. ఈ రెండింటి గురించి మాట్లాడినప్పుడల్లా ఒక అమెరికన్ మహిళ పేరు వినిపిస్తుంది. ఆవిడే లిలియన్ గిల్‌బ్రెత్. పన్నెండు మంది పిల్లలను కన్న తల్లి, సైకాలజీలో డాక్టరేట్, పేరున్న ఇంజినీర్. వంట మాత్రం అంతంతమాత్రం!

లిలియన్ 1878లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. కలిగిన కుటుంబం, తర్వాత ఎనిమిది మంది చెల్లెళ్లు, తమ్ముళ్లు. ఆడపిల్లకు కాలేజీ ఎందుకన్న రోజుల్లో తండ్రిని ఒప్పించి బర్క్‌లీలో చదివారు. 1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ను పెళ్లాడారు. ఆయన కాలేజీ మెట్లెక్కలేదు. తాపీ పనితో మొదలుపెట్టి కాంట్రాక్టరుగా ఎదిగిన మనిషి.

ఫ్రాంక్‌కు ఒక పిచ్చి ఉండేది. మేస్త్రీ ఒక్కో ఇటుకకూ నేల దాకా వంగి లేవడం చూసి, రోజంతా అలా వంగితే ఆ నడుము ఏమవుతుందని ఆలోచించాడు. ఇటుకలు నడుము ఎత్తులోనే చేతికందేలా పరంజాను మార్చాడు. ఇటుక పేర్చడానికి 18 కదలికలు పడుతుంటే వాటిని 5కు తగ్గించాడు. గోడ త్వరగా లేచింది, మేస్త్రీ నడుమూ బతికింది.

పెళ్లయ్యాక ఈ పని ఇద్దరిదీ అయింది. పని చేస్తున్న మనుషులను సినిమా కెమెరాతో చిత్రీకరించి, ఏ కదలిక అవసరం, ఏది వృథా అని చూసేవారు. ఆపరేషన్ థియేటర్లకూ వెళ్లారు. అప్పట్లో సర్జన్లు తమకు కావలసిన పరికరాన్ని తామే వెతికి తీసుకునేవారు. రోగి బల్లమీద ఉండగా సమయమంతా వెతుకులాటకే పోయేది. డాక్టరు చూపు రోగి మీదే ఉండాలి, పరికరాన్ని పక్కనున్నవాళ్లు చేతిలో పెట్టాలి అని గిల్‌బ్రెత్ దంపతులు సూచించారు. సినిమాల్లో సర్జన్ చేయి చాపగానే నర్సు కత్తి అందించే సీను ఎన్నిసార్లు చూసుంటారో మీరే లెక్కేసుకోండి.

ఈ జంటలో ఫ్రాంక్‌ది కొలతల బుర్ర అయితే, మనసు గురించి పట్టించుకున్నది లిలియన్. అలసట కండరాలదే కాదు, విసుగుదీ, ఇరుకు కుర్చీదీ, చాలని వెలుతురుదీ కూడా అని ఆమె నమ్మారు. పనివాడు తప్పు చేస్తే ముందు పనిచోటును పరీక్షించాలన్నది ఆమె పద్ధతి. 1914లో ఈ ఆలోచనలతో పుస్తకం వేస్తే దానిపై పేరు ఎల్.ఎం. గిల్‌బ్రెత్ అని మాత్రమే అచ్చయింది. రాసింది ఆడమనిషని తెలియకూడదట! మరుసటి ఏడాది బ్రౌన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఈ చదువంతా కాన్పుకీ కాన్పుకీ మధ్య సాగిందే. ఆ సంవత్సరాల్లోనే, 1912లో, ఒక చిన్నారిని డిఫ్తీరియా తీసుకుపోయింది. డిఫ్తీరియాకు టీకా లేని కాలం.

మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్లూచేతులూ పోగొట్టుకున్న సైనికులు తిరిగి పనిలోకి ఎలా వెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. మనిషిని యంత్రానికి తగ్గట్టు మార్చలేం, యంత్రాన్నే మనిషికి తగ్గట్టు మార్చాలి అన్నది దంపతుల సమాధానం. ఒంటిచేత్తో టైపు చేయడం లాంటి పనులకు మార్గాలు వెతికారు. ఇప్పుడు ఎర్గోనామిక్స్ అని పిలుస్తున్న శాస్త్రానికి ఇవి తొలి అడుగుల్లో కొన్ని.

1924 జూన్ 14న ఫ్రాంక్ రైల్వేస్టేషన్ నుంచి భార్యకు ఫోన్ చేశాడు. మాట్లాడుతూండగానే గుండెపోటుతో కుప్పకూలిపోయాడు. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. పెద్దమ్మాయికి 18 ఏళ్లు, ఆఖరి పాపకు ఇంకా రెండేళ్లు నిండలేదు. యూరప్ సమావేశాల్లో భర్త చేయాల్సిన ప్రసంగాలు ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే ఓడెక్కి వెళ్లి, ఆయన బదులు ఆమే మాట్లాడి వచ్చారు. తిరిగొచ్చేసరికి కంపెనీలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. ఆయన ఉన్నంతకాలం నివేదికల్లో సగం రాసింది ఈవిడేనని తెలిసినా, ఫ్యాక్టరీలో ఆడ ఇంజినీర్ సలహా వినడానికి వాళ్లకు మనసొప్పలేదు.

అప్పుడామె ఆ తలుపులనే తడుతూ కూర్చోలేదు. ఆడవాళ్లు వాడే వస్తువుల గురించి ఆడవాళ్లనే అడుగుతానని బయల్దేరారు. నా దృష్టిలో ఆమె జీవితంలో అసలైన మలుపు ఇదే.

1926లో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ శానిటరీ న్యాప్‌కిన్ల మీద అధ్యయనం చేయమంది. అప్పటిదాకా వాటిని తయారుచేసే పెద్దమనుషులు వాడేవాళ్లను అడిగిందెక్కడ? లిలియన్ వెయ్యి మందికి పైగా మహిళల నుంచి సమాధానాలు రాబట్టారు. కొలత, ఆకారం, ఒరుసుకోవడం, బయటికి కనిపిస్తాయన్న భయం... నోరు విప్పి చెప్పుకోలేని ఇబ్బందులన్నీ కాగితం మీదికొచ్చాయి. మార్కెట్లో ఉన్నవి చాలామందికి మరీ పెద్దవిగా, బిరుసుగా ఉన్నాయని తేలింది. వందేళ్ల కిందట ఈ ప్రశ్నలు అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి.

తర్వాత వంటిల్లు. ఇక్కడే చిక్కు, ఆమెకు వంటతో పరిచయం తక్కువ. ఇంటిపనికి అత్తగారు, పనివాళ్లు ఉండేవారు. కానీ తనకు తెలియదని తెలియడమే ఆమె బలమైంది. వండేవాళ్లను చూడటం, అడగటం, కొలవటం... ఇదే ఆమె చేసింది. బ్రూక్లిన్ గ్యాస్ కంపెనీ కోసం 1929లో ఒక నమూనా వంటిల్లు తయారైంది. పొయ్యి పక్కనే గట్టు, గట్టు పైన సరుకులు, కింద గిన్నెలు, ఫ్రిజ్ దగ్గర్లోనే, చక్రాల బల్ల ఒకటి. ఒకే కేకును మామూలు అమరికలోనూ ఈ అమరికలోనూ చేయించి అడుగులు లెక్కపెడితే, 281 అడుగులు కాస్తా 45కు దిగాయి. పొయ్యి, సామాన్లు అవే, మారింది వాటి చోటు మాత్రమే.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కోసం పనిచేసినప్పుడు 4,000 మందికి పైగా మహిళలను కదిపి, సింకు, పొయ్యి ఎంత ఎత్తులో ఉంటే హాయిగా ఉంటుందో చూశారు. అందరికీ ఒకే ఎత్తు సరిపోదన్నది ఆమె మాట.

ఇక్కడ కాసేపు మీ వంటింటి గట్టు దగ్గరికి వెళ్లండి. నిటారుగా నిలబడి మోచేతులు మడవండి. కూరగాయలు తరిగే గట్టు మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుండాలని నేటి నిపుణులు చెబుతారు. ఇంతకంటే బాగా కిందుంటే మెడ, నడుము వంగుతాయి. పైనుంటే భుజాలు ఎత్తి పని చేయాల్సొస్తుంది. మన ఇళ్లలో గట్టు ఎత్తు ఎక్కువగా మేస్త్రీ అలవాటును బట్టి తేలుతుంది. అక్కడ గంటల తరబడి నిలబడే మనిషి ఎత్తు ఎవరూ అడగరు. సాయంత్రానికి నడుము పట్టేస్తే మాత్రం వయసు మీద పడిందనుకుంటాం. కొత్తిల్లు కట్టేవాళ్లు గట్టు వేయకముందే కొలిపించుకోండి. ఉన్న గట్టు మరీ పల్లంగా ఉంటే తరిగే చెక్క కింద మందపాటి పీట పెట్టినా కొంత నయం.

1935లో పర్డ్యూ యూనివర్సిటీ ఆమెను ప్రొఫెసరుగా తీసుకుంది. అక్కడి ఇంజినీరింగ్ స్కూల్లో తొలి మహిళా ప్రొఫెసర్ ఆమే. పిల్లలేమో ఇంటి ముచ్చట్లన్నీ నవ్వులతో పుస్తకంగా రాసేశారు, దాన్ని సినిమా కూడా తీశారు. లోకం ఆమెను పన్నెండు మంది పిల్లల తల్లిగానే ఎక్కువ గుర్తుపెట్టుకుంది. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌కు ఎన్నికైన తొలి మహిళ కూడా ఆ తల్లే.

మలి వయసులో ఆమె మళ్లీ వంటింటికే వచ్చారు, ఈసారి రోగుల కోసం. గుండెజబ్బు వచ్చిన ఇల్లాలికి డాక్టర్లు విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపేవారు. ఇంటికెళ్తే పొయ్యి ఎదురుచూస్తూ ఉండేది. అలాంటివారి కోసం కూర్చుని తరుగుకునే, కడుక్కునే వీలున్న, బరువులు ఎత్తకుండా పని జరిగే వంటిళ్లను రూపొందించడంలో ఆమె పాలుపంచుకున్నారు. చక్రాల కుర్చీలో ఉన్నవారికీ అలాగే. భర్తను గుండెపోటుకు పోగొట్టుకున్న మనిషి ఆ పని ఏ మనసుతో చేశారో చెప్పనక్కర్లేదు. తొంభై ఏళ్లు దగ్గరపడేదాకా ప్రయాణాలు, ఉపన్యాసాలు ఆపలేదు. 1972 జనవరి 2న, 93 ఏళ్ల వయసులో, అరిజోనాలోని ఫీనిక్స్‌లో కన్నుమూశారు.